బూజును తూచేదెలా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నాతో ఒకే మాట అన్నాడు. "ఇరవై నిమిషాలు నీవి. ఇన్నేళ్లూ ల్యాబులో ఏం చేశావో మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పు. ఫార్ములాలు మాత్రం వద్దు." మంచి షరతే. నేను చేసిన పని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. గింజలో బూజు ఎంత ఉందో కొలవడం. దానికి ఒక ఉద్యోగం ఎందుకు, చూస్తే తెలియదా అని మీలో వ్యవసాయం చేస్తున్నవాళ్లు వెంటనే అడుగుతారు. ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

చూస్తే కొంత తెలుస్తుంది. గింజ నల్లబడితే, గులాబి రంగు తిరిగితే, ముక్క వాసన కొడితే బూజు పట్టిందంటాం. మార్కెట్ యార్డులో వ్యాపారి గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఊది, రంగు చూసి ధర చెబుతాడు. అయితే కన్ను రెండు వైపులా మోసపోతుంది. కోతకు ముందు రెండు వానలు పడితే గింజ పై పొర మాత్రమే మచ్చలు పడి, లోపల గట్టిగా, శుభ్రంగా ఉండవచ్చు. ఆ రైతుకు ధర పోతుంది. ఇంకోవైపు, పైకి తెల్లగా మెరిసే గింజలో బూజు పోగులు పై పొర కిందుగా పిండిలోకి, మొలక భాగంలోకి చేరి ఉండవచ్చు. దానికి మంచి ధర వస్తుంది, తిన్నవాళ్లకు జబ్బు వస్తుంది. మొదటిదాంట్లో నష్టం రైతుది, రెండోదాంట్లో తినేవాళ్లది. కొలత కావాలనేది ఈ ఇద్దరి కోసమే.

మరి తూచవచ్చు కదా? కుదరదు. బూజు గింజ మీద పూసిన పొడి కాదు, దులిపి తక్కెట్లో వేయడానికి. అది వెంట్రుక కంటే సన్నని పోగులుగా గింజలోకి అల్లుకుపోతుంది. దాన్ని గింజ నుంచి విడదీయడం ఎవరివల్లా కాదు.

లెక్కపెట్టవచ్చు కదా? పాత పద్ధతి అదే. గింజ పిండిని నీళ్లలో కలిపి, గాజు పళ్లెంలో పోషకాల జెల్లీ మీద పోస్తే, మూడు నాలుగు రోజుల్లో బూజు చుక్కలు లేస్తాయి. వాటిని లెక్కపెడతాం. ఇందులో చిక్కు ఏమిటంటే, కొన్ని బూజులు కోట్ల కొద్దీ విత్తనాలు, అంటే సిద్ధబీజాలు, విడుస్తాయి. కొన్ని పోగులుగా మాత్రమే పెరుగుతాయి. మొదటిది కొంచెమే ఉన్నా పళ్లెం నిండుతుంది. రెండోది గింజంతా తినేసినా నాలుగు చుక్కలే కనబడతాయి. ఎండకో, వేడికో బూజు చచ్చిపోయి ఉంటే అసలేమీ మొలవదు. గింజ పాడైపోయి ఉంటుంది, లెక్క సున్నా వస్తుంది.

అందుకని శాస్త్రవేత్తలు వేరే దారి వెతికారు. బూజును విడదీయలేకపోతే, బూజులో మాత్రమే ఉండి గింజలో ఉండని ఒక పదార్థాన్ని పట్టుకుందాం, ఆ పదార్థాన్ని కొలిస్తే బూజును కొలిచినట్టే కదా అన్నారు. ఇలాంటి పదార్థాన్ని జీవసూచిక అంటారు. రక్తంలో చక్కెర కొలిచి మధుమేహం సంగతి చెప్పడం లాంటిదే ఇది.

బూజుకు అలాంటి పదార్థం ఒకటి ఉంది. దాని పేరు ఎర్గోస్టెరాల్. కొలెస్టరాల్ పేరు ఈ సభలో వినని వాళ్లుండరు. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉన్న పొరను బిగువుగా ఉంచేది కొలెస్టరాలే. మొక్కల్లో ఆ పని సైటోస్టెరాల్ వంటివి చేస్తాయి. బూజుల్లో ఎర్గోస్టెరాల్ చేస్తుంది. ఒకే పనికి మూడు జీవజాతులు మూడు రకాల సరుకు వాడుకుంటున్నాయన్నమాట. 1889లో ఫ్రాన్సులో షార్ల్ తాన్రే అనే ఆయన దీన్ని ఎర్గాట్ అనే బూజు నుంచి మొదటిసారి వేరుచేశాడు. ఎర్గాట్ ఐరోపాలో రై అనే ధాన్యపు కంకిని పట్టే తెగులు. మన సజ్జకు పట్టే తేనె బంక తెగులు దాని దాయాది. ఎర్గోస్టెరాల్ పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఈ పదార్థంతో మీకు మీకు తెలియకుండానే పరిచయం ఉంది. తామరకు రాసుకునే క్లోట్రిమజోల్ మందు చేసే పని, బూజును ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోనివ్వకపోవడమే. వరి మీద కొట్టే ప్రొపికొనజోల్, టెబుకొనజోల్ మందులూ అదే చోట దెబ్బ కొడతాయి. మన చర్మానికి, వరి ఆకుకు ఆ పదార్థంతో పని లేదు కాబట్టి దెబ్బ ప్రధానంగా బూజుకే తగులుతుంది. మనకు కొలత ఇచ్చేదీ, మందుకు గురి చూపేదీ ఒకటే తేడా.

ఇక కొలిచే పద్ధతి. గింజను మెత్తగా విసిరి, మిథనాల్‌లో నానబెడతాం. క్షారం వేసి వేడి చేస్తాం. సబ్బు తయారయ్యేటప్పుడు నూనెకు జరిగేదే ఇక్కడ గింజలోని కొవ్వుకు జరుగుతుంది. కొవ్వు ఆమ్లాలతో ముడిపడి ఉన్న ఎర్గోస్టెరాల్ కూడా విడివడుతుంది. తరువాత హెక్సేన్ పోసి కుదిపితే ఎర్గోస్టెరాల్ ఆ పై పొరలోకి చేరుతుంది. దాన్ని తీసి ఆరబెట్టి, కొద్ది ద్రవంలో కరిగించి, సన్నని పొడి కూరిన జానెడు ఉక్కు గొట్టం గుండా ఒత్తిడితో పంపుతాం. తిరునాళ్ల బజారులో పదిమంది ఒకేసారి బయలుదేరితే ప్రతి అంగడి దగ్గరా ఆగేవాడు ఆఖర వస్తాడు కదా, అలా ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. వచ్చేచోట అతినీలలోహిత కాంతి వెలుగుతుంటుంది. ఎర్గోస్టెరాల్ అణువులోని ఒక వలయంలో రెండు జంట బంధాలు పక్కపక్కనే ఉన్నాయి. వాటివల్ల అది 282 నానోమీటర్ల కాంతిని బాగా పీల్చుకుంటుంది. కొలెస్టరాల్, సైటోస్టెరాల్ ఆ కాంతిని పట్టించుకోవు. ఎంత కాంతి తగ్గిందో చూసి, గ్రాము గింజలో ఎన్ని మైక్రోగ్రాముల ఎర్గోస్టెరాల్ ఉందో చెబుతాం. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు.

దీన్ని ధాన్యానికి వాడవచ్చని అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో పనిచేసిన సైట్జ్, ఆయన సహచరులు 1977లో చూపించారు. ఆ తరువాత ప్రపంచమంతా అందిపుచ్చుకుంది. మంచి గింజలో కూడా ఎర్గోస్టెరాల్ బొత్తిగా లేకుండా ఉండదు. పొలంలో పెరిగిన ఏ గింజ మీదైనా కాస్త బూజు ఉంటుంది. అది ఎంతకు పెరిగిందన్నదే మాకు కావలసిన సంగతి.

మన నేలకు దీని అవసరం ఎలా వచ్చిందో చెప్పాలి. మా తాతల కాలంలో వానాకాలపు జొన్న పొద్దు తగ్గే కొద్దీ పూతకు వచ్చేది. వానలు వెనక్కి తగ్గాక గింజ కట్టేది. ఆ పైరుకు బూజు బాధ తక్కువ. 1964లో మన దేశపు మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్. 1 విడుదలైంది. ఆ వరుసలో వచ్చినవి పొట్టిగా ఉండి, త్వరగా పండి, దిగుబడి ఎక్కువిచ్చాయి. అయితే త్వరగా పండడమంటే గింజ వానల్లోనే పాలు పోసుకుని గట్టిపడడం. దాంతో గింజ బూజు తెగులు వానాకాలపు జొన్నకు పెద్ద శత్రువైంది. ఫ్యుజేరియం, కర్వులేరియా, ఆల్టర్నేరియా, ఇలా ఒకటి కాదు, అనేక బూజులు కలిసి చేసే పని అది. మాల్దండి వంటి రబీ జొన్న వానలు వెనుదిరిగాక పండుతుంది కాబట్టి ఈ తెగులు నుంచి చాలావరకు తప్పించుకుంటుంది. మన ఇళ్లలో రొట్టెకు రబీ జొన్నకే మర్యాద ఎక్కువ ఉండడానికి ఇదీ ఒక కారణమే.

తెగులును తట్టుకునే రకం కావాలంటే వందల రకాలు పండించి ఏది ఎంత తట్టుకుందో చూడాలి. కంటితో చూసి మార్కులు వేయవచ్చు, వేస్తారు కూడా. అయితే ఎర్ర జొన్నలో మచ్చ సరిగ్గా కనబడదు, తెల్ల జొన్నలో ఎక్కువగా కనబడుతుంది. ఇక్కడ ఎర్గోస్టెరాల్ సాయపడింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జంబునాథన్, ఆయన సహచరులు 1991లో ప్రచురించిన పరిశోధనలో, గింజ ఎదిగే దశలవారీగా ఎర్గోస్టెరాల్ కొలిచారు. తెగులుకు లొంగే రకాల్లో అది గింజ ముదిరే కొద్దీ పెరిగింది. తట్టుకునే రకాల్లో తక్కువగా ఉంది. ఆ తట్టుకునే గింజల్లో ఫ్లావన్-4-ఓల్ అనే పదార్థాలు ఎక్కువగా ఉన్నాయి. ఒక సూచిక శత్రువు బలం చెబితే, రెండోది గింజ సొంత బలం చెప్పింది. పై చూపు మీద ఆధారపడితే ఈ రెండూ విడివిడిగా తెలిసేవి కావు.

ఇప్పుడు ఒక అపోహ తీర్చాలి. ఎర్గోస్టెరాల్ విషం కాదు. మనం కూర వండుకునే పుట్టగొడుగుల్లో అది దండిగా ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే డి2 విటమిన్‌కు మూలమవుతుంది కూడా. అది బూజు ఎంత ఉందో చెబుతుంది కానీ, ఆ బూజు విషం కక్కిందో లేదో చెప్పదు. విషాన్ని విడిగా కొలవాలి.

ఆ విషాల సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసింది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు చేసిన విషం దొరికింది. దాని పేరుతోనే అఫ్లాటాక్సిన్ అన్నారు. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరే జబ్బు వచ్చింది. 106 మంది చనిపోయారు. ఇళ్లలో కుక్కలకూ అదే జబ్బు. కారణం కనిపెట్టింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు. కోత సమయంలో అకాల వాన పడి, సరిగ్గా ఎండని మొక్కజొన్న బూజు పట్టింది. వేరే తిండి లేని పేద కుటుంబాలు దాన్నే తిన్నాయి.

ఇది అంత దూరపు కథ కాదు. 1995లో మన దక్కను పీఠభూమి పల్లెల్లోనే అకాల వానకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్నవాళ్లకు కడుపునొప్పి, పొట్టలో గడబిడ, విరేచనాలు వచ్చాయి. పోషకాహార సంస్థవాళ్లే వెళ్లి 50 గ్రామాలు చూస్తే 27 గ్రామాల్లో జబ్బు కనబడింది. ఆ గింజల్లో ఫ్యుమోనిసిన్ అనే ఫ్యుజేరియం విషం ఉంది. ఆ గింజ మానేస్తే జబ్బు తగ్గింది. రెండు ఘటనల్లోనూ వరుస ఒకటే. అకాల వాన, ఆరని గింజ, పారేయలేని పేదరికం. బూజు పట్టిన గింజ తినకూడదని తెలియక తిన్నవాళ్లు కొందరైతే, తెలిసీ వేరే దారి లేక తిన్నవాళ్లు కొందరు.

ఈ విషాలు ఎంత ఉంటే ప్రమాదం? మన దేశంలో ధాన్యంలో అఫ్లాటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే టన్ను గింజలో 15 మిల్లీగ్రాములు. యాభై కిలోల బస్తాలో ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండకూడదన్నమాట. అదీ బస్తా అంతటా సమంగా పరుచుకుని ఉండదు. కొన్ని గింజల్లోనే కూడుకుని ఉంటుంది. బస్తా నోటి దగ్గర గుప్పెడు తీసి పరీక్షిస్తే బాగుందని రావచ్చు, అడుగున విషం ఉండవచ్చు. అందుకే మేము బస్తాల్లో పైనా, మధ్యా, అడుగునా, చాలా చోట్ల నుంచి గింజలు తీసి, అన్నీ కలిపి విసిరి, అందులోంచి నమూనా తీస్తాం. ఖరీదైన యంత్రం కంటే నమూనా తీసే పద్ధతే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజే చెప్పేవాణ్ని.

ఎర్గోస్టెరాల్ కొలతకూ హద్దులున్నాయి. సజ్జకు వచ్చే వెర్రికంకి తెగులు చూడడానికి బూజులాగే ఉంటుంది కానీ, దాన్ని తెచ్చే జీవి అసలైన బూజుల కుటుంబానిది కాదు. అది ఎర్గోస్టెరాల్ తయారుచేయదు. తుప్పు తెగులు బూజులదీ వేరే స్టెరాల్. వాటికి ఈ తక్కెడ పనికిరాదు. బూజు రకాన్ని బట్టి, వయసును బట్టి ఒక మిల్లీగ్రాము బూజులో ఉండే ఎర్గోస్టెరాల్ మారుతుంది. బూజు చచ్చాక కూడా అది కొంతకాలం నిలిచి ఉంటుంది. గింజ చరిత్ర తెలియాలంటే అది మేలే. ఇప్పుడు బూజు బతికి ఉందా అని తెలియాలంటే మాత్రం చాలదు.

ఎర్గోస్టెరాల్ బదులు కైటిన్‌ను కొలిచే పద్ధతి ఒకటి ఉంది. బూజు కణం గోడ కైటిన్‌తో కట్టినది. గాఢమైన ఆమ్లంలో మరిగిస్తే గ్లూకోసమీన్‌గా విడిపోతుంది, దాన్ని కొలుస్తాం. అయితే పురుగుల పెంకు కూడా కైటినే. గింజలో ముక్క పురుగు ఉంటే, పురుగును కొలిచి బూజు అని రాసినట్టవుతుంది. అందుకే ఏ ఒక్క సూచికనూ గుడ్డిగా నమ్మకూడదు. బూజు ఎంతో ఎర్గోస్టెరాల్ చెబుతుంది, ఏ బూజో డి.ఎన్.ఎ. పరీక్ష చెబుతుంది, విషం ఎంతో విషపు పరీక్ష చెబుతుంది. మూడూ కలిస్తేనే మాట పూర్తి.

విషం మన ఒంట్లోకి వెళ్లిందా లేదా అన్నదానికీ సూచికలున్నాయి. అఫ్లాటాక్సిన్ రక్తంలోని ఆల్బుమిన్‌కు అంటుకుని కొన్ని వారాలు ఉంటుంది. బూజు పట్టిన దాణా తిన్న గేదె పాలలోకి అది ఎం1 అనే రూపంలో దిగుతుంది. మనం తినలేని గింజను గొడ్డుకు వేస్తే అది పాలచెంబులో మళ్లీ మన ఇంటికే వస్తుందని దీని అర్థం. పాలలో దానికి పరిమితి కిలోకు అర మైక్రోగ్రాము.

ఇదంతా విని, మాకు ఉక్కు గొట్టాలు, హెక్సేన్ ఎక్కడివి అంటారు. మీకు అవి అవసరం లేదు. మేము కొలిచిన వేల నమూనాలు చెప్పిన ఒక్క మాట మీకు చాలు. బూజుకు తేమ కావాలి. తేమ లేకుండా చేస్తే దాన్ని కొలవవలసిన పనే పడదు. కొనుగోలు కేంద్రంలో వడ్లకు 17 శాతం తేమ వరకు ఒప్పుకుంటారు. అది కొనడానికి పెట్టిన హద్దు, నెలల తరబడి దాచడానికి కాదు. దాచే గింజ 14 శాతానికి దిగువకు ఆరాలి. రంగు పోయిన గింజలను, ముక్కిన గింజలను మంచి గింజలో కలపకండి. కడిగితే పై బూజు పోతుంది, లోపలి విషం పోదు. అన్నం ఉడికే వేడికి, రొట్టె కాలే వేడికి అఫ్లాటాక్సిన్ పూర్తిగా నశించదు.

తేమ చూసుకోవడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. బాగా ఎండిన గాజు సీసాలో మూడో వంతు గింజ పోసి, పొడిగా ఉన్న మెత్తటి ఉప్పు చెంచాడు వేసి, మూత బిగించి ఒక నిమిషం కుదపండి. కాసేపు ఆగి చూడండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటి ఉన్నట్టు. అంటుకోకపోతే అంతకు లోపే. ఏడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. సైన్సు మాస్టార్లకు నా విన్నపం, ఈ ఏడు కోతల కాలంలో ఒక్కో పిల్లవాడిని తన ఇంటి గింజ గుప్పెడు తెమ్మని తరగతిలోనే ఈ పరీక్ష చేయించండి. పిల్లవాడు ఇంటికెళ్లి "నాన్నా, ఇంకో రెండు ఎండలు పడాలి" అంటే ఆ మాటకు మా ల్యాబు రిపోర్టు కంటే విలువ ఎక్కువ.

ఇక సంఘానికి ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని కమిటీ అడుగుతోంది. స్వాగత తోరణం గురించి అన్నలు మాట్లాడారు, బాగుంది. దానితో పాటు మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గదిలో బస్తాలు నేలకూ గోడకూ తగలకుండా చెక్క పలకలు వేయిద్దాం. గాలి ఆడేలా జాలీ కిటికీ ఒకటి పెట్టిద్దాం. ధాన్యం తేమ చూసే చేతి మీటరు ఒకటి కొని బడిలో ఉంచుదాం. బడి పిల్లలకు పాఠమవుతుంది, కోతల రోజుల్లో ఊరి రైతులకు అక్కరకొస్తుంది. ఒక రైతు కొనుగోలు కేంద్రానికి బయలుదేరే ముందే తన గింజ తేమ ఎంతో తెలుసుకుని వెళితే, అక్కడ ఎవరు ఏ అంకె చెప్పినా తలవంచుకుని ఒప్పుకోవలసిన పని ఉండదు. మీటరు ఖర్చులో సగం నేను ఇస్తాను. మిగతా సగం మా బ్యాచ్ వాళ్లు ఇస్తారని వాళ్లను అడగకుండానే ప్రకటిస్తున్నాను.

 భోజనాల వేళయింది. సెలవు.